ఏథెన్స్ కొలబద్దతో స్వాతంత్ర్య పోరాటాన్ని చదవడం ఎలా

పురం నుంచి పౌరుడు వచ్చాడు. గ్రీకులో పొలిస్ నుంచి పొలీటేస్ వచ్చాడు. రెండు భాషలూ ఒకే దారిలో మాట కట్టుకున్నాయి గానీ అర్థం ఒక్కటి కాదు. పౌరుడంటే పురంలో ఉండేవాడు. పొలీటేస్ అంటే పురాన్ని ఏలడంలో వంతు ఉన్నవాడు. ఉండటానికీ ఏలడానికీ మధ్య ఉన్న ఈ ఎడం మీదే వలస పాలన నడిచింది. గ్రీకు పౌరసత్వ భావనలతో మన స్వాతంత్ర్య పోరాటాన్ని చదవాలంటే ముందు చూడాల్సింది ఆ ఎడాన్నే. వ్యాసం రాసే విద్యార్థికీ, పదిమందిని కూర్చోబెట్టి చర్చ నడిపేవారికీ పనికొచ్చే పద్ధతి ఇది.

ముందు సరంజామా. గ్రీకు వైపు నాలుగు పాఠాలు చాలు: ప్లేటో రాసిన సోక్రటీస్ కోర్టు వాదన (అపాలజీ) అంతా, క్రిటో సంభాషణ అంతా, అరిస్టాటిల్ రాజనీతి గ్రంథం మూడో భాగంలో మొదటి ఐదు అధ్యాయాలు, థూసిడిడీస్ చరిత్ర రెండో భాగంలో ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ చేసిన అంత్యక్రియల ప్రసంగం (35 నుంచి 46 వరకు). అన్నీ కలిపి యాభై అరవై పేజీలు, రెండు ఆదివారాల చదువు. అనువాదం ఏదైనా ఫరవాలేదు గానీ పేజీ అంకెలతో ఉదహరించకండి. ప్లేటోకి 1578 నాటి స్టెఫానస్ ముద్రణ అంకెలు (32సి లాంటివి), అరిస్టాటిల్‌కి బెకర్ అంకెలు (1275ఎ లాంటివి) మంచి అనువాదాల అంచుల్లో ఉంటాయి. అవి రాసుకుంటే ఒకరి దగ్గర పెంగ్విన్, ఇంకొకరి దగ్గర ఆక్స్‌ఫర్డ్ ఉన్నా అందరూ ఒకే వాక్యం మీద మాట్లాడగలుగుతారు. అంచుల్లో అంకెల్లేని పుస్తకం చర్చకి పనికిరాదు.

పోరాటం వైపు రెండే ఘట్టాలు తీసుకోండి. ఒకటి, 1906 నుంచి 1914 వరకు దక్షిణాఫ్రికాలో భారతీయుల పోరాటం. రెండోది 1921 చీరాల–పేరాల, పన్ను కట్టలేక జనం ఊరే ఖాళీ చేసిన ఉద్యమం. ‘భారత స్వాతంత్ర్యోద్యమం’ మొత్తాన్ని ఒక్కసారిగా ఏథెన్స్ పక్కన నిలబెట్టాలని చూస్తే చేతికి చిక్కేది ఉపన్యాసమే. ఒక చట్టం, ఒక పన్ను, ఒక ఊరు: ఆ కొలతలో అయితేనే పోలిక పట్టు దొరుకుతుంది.

ఇంకో పని మొదటే చేయండి. రెండు రంగుల సిరా పెట్టుకోండి. గ్రీకు ఆలోచన నిజంగా చేతికందిన చోట, అంటే చదివినట్టు, అనువదించినట్టు ఆధారం ఉన్న చోట ఎర్ర సిరా. మనం ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తున్న చోట నీలి సిరా. గాంధీకి సోక్రటీస్ ఎరుపు. చీరాల నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పక్కన ఏథెన్స్ సేనాని థెమిస్టొక్లీస్ నీలం. ఈ రకం వ్యాసాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. నీలి సిరా వాక్యం మూడో పేజీకి వచ్చేసరికి ఎరుపెక్కి, ‘గ్రీకుల స్ఫూర్తితో’ అని మొదలవుతుంది. ఆ మాట కనబడితే కొట్టేయండి, లేదా ఆధారం చూపండి.

ఇక కొలబద్ద తయారీ. అరిస్టాటిల్ 1275ఎ దగ్గర ముందు పౌరుడు కానిదెవరో తేలుస్తాడు. ఒక చోట నివసిస్తే పౌరుడు కాడు, ఎందుకంటే పరదేశులూ బానిసలూ కూడా అక్కడే ఉంటారు. కోర్టుకెక్కే హక్కుంటే పౌరుడు కాడు, ఒప్పందాల మూలంగా ఆ హక్కు బయటివాళ్ళకీ ఉంటుంది. తీర్పులో (క్రిసిస్), అధికారంలో (అర్ఖే) పాలు పంచుకునేవాడే పౌరుడు. తర్వాత 1277బి దగ్గర ఇంకో ముక్క కలుపుతాడు: మంచి పౌరుడికి ఏలడమూ రావాలి, ఏలబడటమూ రావాలి. ఇంతకీ ఈ నిర్వచనం రాసినాయన స్టాగిరా నుంచి వచ్చినవాడు. ఏథెన్స్‌లో ఆయనకే పౌరసత్వం లేదు.

దీన్నుంచి నాలుగు ప్రశ్నలు తీసి, పెద్ద కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి. చట్టం ఎవరి సభలో తేలుతుంది? తీర్పు ఎవరిస్తారు? పదవి ఎవరికి, ఎంతకాలం, ఎలా వస్తుంది? దిగిపోయేటప్పుడు అధికారి లెక్క ఎవరికి చెప్పాలి? మొదటి అడ్డువరసలో ఏథెన్స్‌ను నింపండి. క్లైస్థెనీస్ క్రీ.పూ. 508–507 సంస్కరణల తర్వాత పది తెగలు, ఒక్కో తెగ నుంచి యాభైమంది చొప్పున 500 మంది మండలి, చీటీ వేసి ఎంపిక. న్యాయస్థానంలో 201, 501 లాంటి బేసి సంఖ్యలో పౌరులు. వాళ్ళకి పెరిక్లీస్ కాలంలో రోజు భత్యంగా రెండు ఒబోల్‌లు, తర్వాత మూడు. దిగిపోయే ప్రతి అధికారికీ లెక్కల తనిఖీ. మండలికి అధ్యక్షుడు ఒక్క పగలూ ఒక్క రాత్రీ మాత్రమే, అదీ జీవితంలో ఒక్కసారే.

రెండో అడ్డువరస ట్రాన్స్‌వాల్, దక్షిణాఫ్రికాలో ఒక ప్రాంతం. 1885 మూడో నంబరు చట్టం ఆసియావాసులకి అక్కడ పౌరసత్వం రాదని సూటిగానే చెప్పింది. సభలో చోటు లేదు, పదవి లేదు, లెక్క అడిగే హక్కు అసలే లేదు. కోర్టు మాత్రం ఉంది. గాంధీ ఆ కోర్టుల్లోనే వకీలుగా బతికాడు. అరిస్టాటిల్ చెప్పింది సరిగ్గా ఇదే: కోర్టుకెక్కగలిగినంత మాత్రాన పౌరుడు కాడు. చర్చలో ఎవరో ఒకరు ‘బ్రిటిష్ చట్టం ముందు అందరూ సమానమేగా’ అంటారు. అప్పుడు ఈ గడి మీద వేలు పెట్టి చూపండి.

దక్షిణాఫ్రికా భారతీయులకి ఏథెన్స్‌లో సరిజోడు పౌరుడు కాదు, మెటోయికోస్. అంటే ఊళ్ళో స్థిరపడి, పని చేసి, పన్ను కట్టి, యుద్ధానికి కూడా వెళ్ళే పరదేశి. వాడికి ఒక పౌరుడు జామీనుగా ఉండాలి. మగవాడైతే ఏడాదికి 12 ద్రాఖ్మాలు (గ్రీకు వెండి నాణేలు), సొంతంగా బతికే ఆడమనిషైతే 6 ద్రాఖ్మాలు తలపన్ను. కట్టకపోతే బానిసగా అమ్మేయవచ్చు. ఇక దక్షిణాఫ్రికాలోనే ఇంకో ప్రాంతం, నాటాల్ సంగతి. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ళలో లక్షన్నర మంది ఒప్పంద కూలీలు వెళ్ళారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు వారిలో చాలామంది. నాటాల్‌లో ఇప్పటికీ నిలిచిన తెలుగు ఇంటిపేర్లు వాళ్ళవే. ఒప్పందం ముగిసినవారి ముందు 1895 చట్టం మూడు దారులు పెట్టింది: తిరిగి వెళ్ళిపో, మళ్ళీ ఒప్పందంలో చేరు, లేదా ఏడాదికి 3 పౌన్లు కట్టు.

ఈ రెండు పన్నుల్నీ కూలిలోకి మార్చి చూడండి. క్రీ.పూ. అయిదో శతాబ్దం చివర ఎరెక్థియన్ గుడి కట్టినప్పటి లెక్కల్లో పనివాడి కూలి రోజుకి ఒక ద్రాఖ్మా. అంటే మెటోయికోస్ పన్ను పన్నెండు రోజుల కూలి. నాటాల్ ఒప్పంద కూలీకి మొదటి ఏడు నెలకి 10 షిల్లింగులు, ఏడాదికొకటి చొప్పున పెరిగి అయిదో ఏట 14. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. అయిదో ఏటి కూలితో లెక్కేసినా నాలుగు నెలలు దాటుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఒప్పంద కూలీకి తిండీ బసా యజమాని ఇచ్చేవాడు, ఆ 14 షిల్లింగులు చేతికొచ్చే రొక్కం. ఏథెన్స్ పనివాడు తన ద్రాఖ్మాతోనే తిండీ కొనుక్కోవాలి. అందుకని ‘పదింతలు’ అని నిష్పత్తి వేసి ముగించకండి. పన్నెండు రోజుల పన్ను రాబడి కోసం అనీ, నాలుగు నెలల పన్ను మనిషిని తిరిగి ఒప్పందంలోకి తోయడం కోసం అనీ రాయండి. అంకెలు అంతవరకే మోస్తాయి. 1913 సమ్మెలో బొగ్గుగనుల కూలీలూ చెరకుతోటల కూలీలూ ఈ పన్ను మీదే కదిలారు. 1914లో అది రద్దయింది.

ఈ వరసలో బయటపడే ఇంకో తేడా ముఖ్యమైనది. మెటోయికోస్‌కి వేరే ఎక్కడో ఒక పొలిస్ ఉండేది. మిలేటస్ అనే గ్రీకు ఊరివాడు ఏథెన్స్‌లో పరదేశి, మిలేటస్‌లో పౌరుడు. విశాఖపట్నం నుంచి వెళ్ళినవాడు నాటాల్‌లోనూ ఏలేవాడు కాదు, విశాఖపట్నంలోనూ కాడు. సొంత ఊళ్ళోనే పరదేశి హోదా అన్న స్థితికి గ్రీకు నిఘంటువులో మాట దొరకదు. ఆ గడి ఖాళీగానే వదిలి, ఖాళీ ఎందుకో పక్కన రాయండి. వ్యాసానికి అంతకు మించిన పేరా దొరకదు.

ఇక ఎర్ర సిరా భాగం. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో, వేలిముద్రలతో నమోదు కమ్మనే చట్టానికి లొంగబోమని భారతీయులు ప్రమాణం చేశారు. 1908 జనవరిలో గాంధీ జైలుకెళ్ళి ఆ నెలాఖరుకే ఒప్పందం మీద బయటికొచ్చాడు. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో సోక్రటీస్ వాదనను గుజరాతీలో ఆరు భాగాలుగా ‘ఏక్ సత్యవీర్‌నీ కథా’ పేరుతో ఇచ్చాడు. ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా రిజిస్ట్రేషన్ పత్రాలు తగలబడ్డాయి. తేదీలు ఇలా వరసగా పెట్టి చదివితే తెలుస్తుంది, ఇది తీరిక వేళ సాహిత్య సేవ కాదు, రెండు జైలుయాత్రల మధ్య చేసిన పని. 1910లో బొంబాయి ప్రభుత్వం గాంధీ పుస్తకం హింద్ స్వరాజ్‌తో పాటు దీన్నీ నిషేధించింది. రెండువేల మూడువందల ఏళ్ళ నాటి కోర్టు ప్రసంగాన్ని నిషేధించిన ఆ దొరతనమే తన అధికారుల్ని ఎలా ఎంచుకుందో కూడా పక్కన రాసుకోండి. 1855 నాటి ఐసీఎస్ పోటీ పరీక్షలో గ్రీకుకి 750 మార్కులు, సంస్కృతానికి 375.

సోక్రటీస్ వాదనలో 32బి నుంచి 32డి వరకు పైకి చదివించండి. రెండు సంఘటనలున్నాయి. క్రీ.పూ. 406లో ఆర్గినూసీ సముద్రయుద్ధం సేనానుల్ని అందరినీ ఒకే మూటగా విచారించాలని సభ పట్టుబడితే, అది చట్టవిరుద్ధమని మండలి సభ్యుడుగా సోక్రటీస్ ఒప్పుకోలేదు. రెండోది ముప్పైమంది నియంతల కాలం. సలామిస్ దీవి నుంచి లియోన్ అనే అతణ్ణి చంపడానికి పట్టి తెమ్మని అయిదుగురికి ఆజ్ఞ. నలుగురు వెళ్ళి పట్టుకొచ్చారు. సోక్రటీస్ ఇంటికి వెళ్ళిపోయాడు. మొదటిది పదవిలో ఉండి చట్టం పక్షాన చెప్పిన ‘కాదు’, రెండోది చట్టం లేని పాలకుడికి సామాన్యుడు చెప్పిన ‘కాదు’. సహాయ నిరాకరణకి దగ్గరది రెండోది.

గాంధీ క్రిటోని కాక ఈ వాదననే ఎందుకు తీసుకున్నాడన్న ప్రశ్న దగ్గర కనీసం అరగంట ఆగండి. క్రిటోలో చట్టాలే మనుషుల్లా వచ్చి సోక్రటీస్‌తో మాట్లాడతాయి. 51బి నుంచి 52ఎ వరకు వాటి వాదం ఇది: మమ్మల్ని ఒప్పించు, లేదా మాకు లోబడు. నచ్చకపోతే నీ సొత్తు తీసుకుని వెళ్ళిపో, ఎవరూ ఆపరు. డెబ్బై ఏళ్ళు ఇక్కడే ఉన్నావు, అదే నీ ఒప్పుకోలు. ఈ ఒప్పందానికి కీలకం ‘ఒప్పించు’ అన్న ముక్కలో ఉంది. సోక్రటీస్‌కి సభలో ఓటుంది, మాట్లాడే హక్కుంది, మండలిలో కూర్చున్నాడు. ట్రాన్స్‌వాల్ భారతీయుడికి ఒప్పించే వేదికే లేనప్పుడు లోబడే బాధ్యత ఎక్కణ్ణుంచి వస్తుంది? క్రిటోని తెచ్చి సత్యాగ్రహానికి పునాది అని అంటించేవాళ్ళు ఈ ముక్క మింగేస్తారు. రెండింటికీ నిజంగా కలిసే చోటు వేరే ఉంది. శిక్ష నుంచి పారిపోకపోవడం. జైలు తలుపు తెరిచే ఏర్పాట్లు చేశామని స్నేహితులు చెప్పినా సోక్రటీస్ కదల్లేదు. సత్యాగ్రహి చట్టాన్ని ధిక్కరిస్తాడు గానీ శిక్షని ఎదురెళ్ళి తీసుకుంటాడు. తన అనువాదం ముందుమాటలో గాంధీ పాఠకుణ్ణి బ్రిటిష్‌వాళ్ళ మీదికి ఉసిగొల్పలేదు. ముందు మన జబ్బు మనం చూసుకోవాలనీ, లోపల నయమైన దేహాన్ని బయటి అణచివేత పట్టలేదనీ అన్నాడు. ఏథెన్స్‌లో సోక్రటీస్ ముల్లుగర్రలా పొడిచింది కూడా సొంత ఊరివాళ్ళనే.

చీరాల–పేరాలకి వచ్చేసరికి నీలి సిరా తీయండి. గ్రామ యూనియన్‌గా ఉన్న చోటుని మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. నేతపనివాళ్ళూ చిన్నవ్యాపారులూ ఉన్న ఊరికి అది మోయలేని బరువు. అర్జీలు పెట్టారు, ఫలితం లేదు. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశం అయ్యాక గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పాడు: పన్ను కట్టకుండా ఆ కష్టాలు భరించడం, లేదా ఊరే ఖాళీ చేయడం. గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరు రెండో దారి పట్టింది. దాదాపు 15 వేలమందిలో 13 వేలమంది పురపాలక హద్దు దాటి, గుడిసెలూ పందిళ్ళూ వేసుకుని రామ్‌నగర్ అన్నారు. ఆయన కూడగట్టిన వాలంటీర్ల దళం రామదండు కాపలా. ఎండలూ వానలూ దాటి దాదాపు 11 నెలలు అక్కడే.

పురపాలక సంఘం మిగిలింది, పురం వెళ్ళిపోయింది. ఇక్కడ క్రిటో 51డి మళ్ళీ తీయండి. ‘నచ్చకపోతే సొత్తు తీసుకుని వెళ్ళు’ అన్న వాక్యాన్ని చీరాల జనం అక్షరాలా అమలు చేసినట్టుంటుంది. కానీ సోక్రటీస్ ముందున్నది ఒంటరి మనిషి వలస. ఇది ఊరంతా కదలడం. అందుకని సరిజోడు గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్‌లో వెతకాలి. క్రీ.పూ. 480లో పర్షియా సేన వస్తుంటే ఏథెన్స్ జనం ఊరు ఖాళీ చేసి సలామిస్ చేరారు. యుద్ధ సమాలోచనలో కొరింథ్ సేనాని అడీమాంటస్, ఊరే లేనివాడికి మాట్లాడే హక్కేంటని థెమిస్టొక్లీస్‌ని ఎత్తిపొడిచాడు. మనుషులతో నిండిన రెండువందల ఓడలున్నంత కాలం మీకంటే పెద్ద ఊరే మాకుందని ఆయన జవాబు (ఎనిమిదో భాగం, 61). పొలిస్ అంటే గోడలా మనుషులా అన్న ప్రశ్నని అడీమాంటస్ అడిగినట్టే చీరాలలో పన్ను వసూలుదారు అడిగాడు.

పోలిక తెగే చోటు కూడా రాయాలి, లేకపోతే ఇది కీర్తన అవుతుంది. సలామిస్ వాళ్ళకి రెండువందల ఓడలున్నాయి, ముందు యుద్ధం ఉంది, గెలిచి ఇళ్ళకి వెళ్ళారు. రామ్‌నగర్‌కి ఓడలు లేవు, ప్రత్యర్థి పోరాడడు, వేచి ఉంటాడు. గోపాలకృష్ణయ్యని జైల్లో పెట్టారు. డబ్బూ ఓపికా తరిగి 1922లో జనం తిరిగి వచ్చారు. ఊరు ఖాళీ చేయడమన్న ఎత్తు ఎన్నాళ్ళు నిలుస్తుందో తేల్చేది ధైర్యం ఒక్కటే కాదు, గింజల నిల్వ కూడా. నాలుగు గడుల కాగితంలో రామ్‌నగర్‌కి ఒక అడ్డువరస ఇవ్వండి: అక్కడ తగవులు ఎవరు తీర్చారు, చందా లెక్క ఎవరికి చెప్పారు, ఆ కూర్చున్నవాళ్ళలో ఏ కులాలవాళ్ళు, ఆడవాళ్ళు ఎందరు? స్థానిక చరిత్రల్లో, ఆ రోజుల పత్రికల్లో ఈ నాలుగింటికే వెతకండి. ఉపన్యాసాలు కోకొల్లలుగా దొరుకుతాయి, వాటిని పక్కన పెట్టండి.

ఇప్పుడు కొలబద్దని తిరగేయాలి. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ చట్టం తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్‌వాళ్ళయితేనే పౌరసత్వమంది. ఆడవాళ్ళకి సభ లేదు, బానిసలకి ఏదీ లేదు. లారియం వెండిగనుల్లో ఆ ప్రజాస్వామ్యం తాలూకు డబ్బు తవ్వింది బానిసలే. అంతేకాదు, ఏథెన్స్ తానే సామ్రాజ్యం. మిత్రరాజ్యాల కప్పం మొదట ఏడాదికి 460 టాలెంట్లు (వెండి తూకం), పెరిక్లీస్ నాటికి దాదాపు 600. క్రీ.పూ. 454లో ఖజానా డెలోస్ నుంచి ఏథెన్స్‌కి తరలింది. మీ సామ్రాజ్యం నియంతృత్వం లాంటిది, పట్టడం తప్పేమో గానీ వదలడం ప్రమాదమని పెరిక్లీసే చెప్పాడు (థూసిడిడీస్ రెండో భాగం, 63). అంత్యక్రియల ప్రసంగం పక్కనే దీన్నీ చదివించండి. మనం చీరాలను ఏథెన్స్‌తో పోలుస్తుంటే, ఏథెన్స్‌కి కప్పం కట్టే దీవివాళ్ళకి చీరాలే దగ్గర చుట్టం. ఈ మలుపు లేని వ్యాసం బ్రిటిష్ గ్రీకు పంతుళ్ళు రాసిన వ్యాసానికి నకలు.

మాటల దగ్గర ఒక ఉచ్చు. తెలుగులో ‘వలస’ ఒక్కటే: పొట్ట చేతపట్టుకుని వెళ్ళడమూ వలసే, బ్రిటిష్‌వాడి రాజ్యమూ వలసరాజ్యమే. గ్రీకు అపోయికియా తల్లి ఊరి నుంచి విడిపోయి సొంతంగా నిలిచే కొత్త పొలిస్. క్లెరూఖియా వేరు: ఏథెన్స్ పౌరసత్వం వదలకుండానే లాక్కున్న నేల మీద కూర్చున్నవాళ్ళు. మీలోస్ దీవిలో మగవాళ్ళని చంపి, మిగతావాళ్ళని బానిసలు చేసి, 500 మందిని పంపి స్థిరపరిచారు. మూడింటినీ ‘వలస’ అని రాస్తే రెండో పేజీకే తికమక. గ్రీకు మాట ఉంచి మొదటిసారి అర్థం చెప్పండి.

చర్చ నడిపేవారికి: మూడు సమావేశాలు, ఒక్కోటి గంటన్నర. మొదటిది అరిస్టాటిల్, గడుల కాగితం. రెండోది 1908. మూడోది చీరాల, ఆపై కొలబద్ద తిరగేయడం. తొమ్మిది నుంచి పదమూడు మంది అయితే అందరికీ మాట దక్కుతుంది. ప్రతిసారీ అధ్యక్షుణ్ణి చీటీతో తీయండి, ఒకసారి వచ్చినవారి పేరు మళ్ళీ వేయకండి. బాగా చదివినవాడే ప్రతిసారీ నడిపితే మూడోనాటికి మిగతావాళ్ళు వినేవాళ్ళైపోతారు. రెండో రోజు చివర లియోన్ ఘట్టం మీద ఓటు పెట్టండి: సోక్రటీస్ ఇంటికి వెళ్ళిపోతే సరిపోయిందా, లియోన్‌కి ముందే కబురు పెట్టాల్సిందా? చేతులెత్తించొద్దు, పెద్దవాళ్ళ చెయ్యి చూసి పిల్లలు ఎత్తుతారు. రెండు రంగుల గింజలు పంచి మూసిన కుండలో వేయించండి. లెక్క సరిసంఖ్యలో ఉంటే ఆ రోజు అధ్యక్షుడు గింజ వేయకుండా కూర్చోవాలి.